ఎవరు కట్టిన ఈగ

"ముట్టుకోకు! చేతి జిడ్డు అంటితే ఈక పాడైపోతుంది!" అని లైల్ అరిచాడు.

ఆరిన్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అరవకురా బాబూ! నేను కట్టిన ఈగని నేను ముట్టుకోకూడదా?"

"నువ్వు కట్టావా? ఎప్పుడు?"

"మొన్న చలికాలంలో."

లైల్‌కి ఒళ్లు మండింది. బీవర్‌కిల్ ఏటి ఒడ్డున ఉన్న ఆ గాలాల క్లబ్బులో ఎర ఈగల పెట్టెలన్నీ సర్దేది అతనే. ఈకా దారమూ చుట్టి కొక్కేలకి కట్టిన ఆ ఈగల్లో తడివి ఆరబెడతాడు, తుప్పు పట్టినవి ఏరేస్తాడు, మిగిలినవి ఏ నెలలో ఏటి మీద ఏ పురుగు లేస్తుందో ఆ వరసలో అరల్లో గుచ్చి పెడతాడు. ఎవరూ వేలు పెట్టకూడదన్న నియమం కూడా అతనిదే. ఇంత చాకిరీ చేసినా అతను కట్టిన ఈగ ఒక్కటీ మేలైన ఈగల్ని కట్టినవాళ్ల పేర్లతో ఉంచే అద్దాల బీరువాలోకి ఎక్కలేదు. లైల్ కట్టే ఈగ తడిసిన చీపురుముక్కలా ఉంటుందని క్లబ్బంతా నవ్వుతారు. ఆ బీరువాలో తన పేరు చూసుకోకుండానే పోతానేమోనని అతని బెంగ.

నిన్న ఆరడానికని కిటికీ పక్కన తెరిచి పెట్టిన పెట్టెలో, ఖాళీగా ఉండాల్సిన అరలో, ఈ ఉదయం ఒక ఈగ కనబడింది. బూడిదరంగు రెక్కలు, సన్నటి తోక. ఏప్రిల్ చలికి వణుకుతూనే లైల్ దాన్ని కళ్లార్పకుండా చూశాడు.

"అది నేను కట్టింది," అనేశాడు. నోరు జారాక ఇక వెనక్కి తగ్గలేదు.

"నువ్వా! నీకు బూటు లేసే సరిగ్గా ముడిపడదు కదరా!"

"అయితే ఏ దారం వాడావో చెప్పు."

"నీకెందుకు? ముందు నువ్వు చెప్పు."

"నేను చెప్పను. అది రహస్యం."

ఈ గోలకి క్లబ్బు అధ్యక్షురాలు విన్నీఫ్రెడ్ గారు కాఫీ కప్పుతో వచ్చారు. ఎనభై దాటిన మనిషి. ఎర ఈగల విషయంలో ఆ చుట్టుపక్కల ఆవిడ మాటకి తిరుగు లేదు. దీపం దగ్గరికి జరిపి, భూతద్దం పట్టుకుని పెట్టె మీదకి వంగారు. మిత్రులిద్దరూ ఆవిడ భుజాల మీంచి తొంగిచూశారు.

"రెక్కలు మరీ నిటారుగా ఉన్నాయి. నిజం ఈగకి ఇలా ఉండవు."

"అవునండీ," అన్నాడు లైల్. "అక్కడ కాస్త తొందరపడ్డాను."

"తోక పొడుగైంది. కాళ్లలో జీవం లేదు. దీన్ని చూసి ఏ చేపైనా నవ్విపోతుంది."

"అయితే ఇది వీడిదే లెండి," అన్నాడు ఆరిన్ వెంటనే. "నాది ఇంకోటి ఉండాలి."

విన్నీఫ్రెడ్ గారు తల ఊపారు. "అయినా పనితనం ఉంది. ఈ కట్టు నేను నేర్పిందే. బీరువాలో పెట్టు లైల్, నీ పేరుతోనే."

"ఆగండాగండి! సగం నేనే కట్టాను!"

"ఏ సగం?"

"తోక వైపు."

"తోక పొడుగని ఇప్పుడే చెప్పాను కదా ఆరిన్!"

ఆరిన్ మొహం మాడ్చుకుని పక్కకి తప్పుకున్నాడు. స్నేహితుడి కష్టం కాజేస్తున్నానని లైల్‌కి మనసు పీకింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. కానీ విన్నీఫ్రెడ్ గారు అప్పటికే బీరువా తలుపు తీసి, పై అరలో జాగా చేస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన జాగా. అతని కళ్లు చెమర్చాయి. తెరిచిన నోరు మూసుకుని, చిన్న పట్టకారు తీసుకుని, చేతిని మెల్లగా ముందుకు చాపాడు.

ఈగ ఎగిరిపోయింది.