కేకు మీది గులాబీ

"తాళంచెవి తీసుకోండి. సోమవారం నుంచి నేను రాను."

ఇల్వా అప్పటికే కోటు వేసేసుకుంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. బళ్లో చేరి మూడు నెలలైనా నిండని టీచరు అలా అంటే ఏ హెడ్మిస్ట్రెస్సయినా కంగారుపడుతుంది. గున్వోర్ మాత్రం తాళంచెవి వంక చూడనైనా లేదు.

"ఎనిమిదో క్లాసు వాళ్లేనా?"

"వాళ్లే. ఈ ఉద్యోగం నాకు చేతకాదండీ."

"సరే, పోదువుగానిలే. శుక్రవారం కాఫీ తాగకుండా మాత్రం ఎవర్నీ పోనివ్వం. వెళ్లి మొహం కడుక్కుని రా."

ఇల్వా వచ్చేసరికి టీచర్ల గదిలో బల్ల మీద ఆకుపచ్చ కేకు ఉంది. దాని నడినెత్తిన బాదం ముద్దతో చేసిన గులాబీ, పక్కనంతా అలికేసిన క్రీము. కిటికీ దగ్గర బకెట్లో పూలగుత్తి. లెక్కల మాస్టారు ఫోల్కె ఎన్నడూ లేనిది టై కట్టాడు.

"ఎవరిదైనా పుట్టినరోజా?" అంది ఇల్వా.

"అబ్బే! చొక్కా గుండీ ఊడిందమ్మా, దాన్ని కప్పెట్టుకున్నా."

"కేకేమిటి, ఇలా అలుక్కుపోయింది?"

"నా చెయ్యి తగిల్లే," అంది గున్వోర్ చాకు అందుకుంటూ. "ఒక్క శుక్రవారమైనా నీ క్లాసు వదిలి ఇటొస్తే కదా నీకు మన ఆచారం తెలిసేది! ఆ వారం ఎవరి పరువు ఎక్కువ పోతే గులాబీ వాళ్లది. ఫోల్కే, మొదలెట్టు."

ఫోల్కెకి కాఫీ పొలమారింది. దగ్గి దగ్గి చెప్పాడు. తొమ్మిదో క్లాసనుకుని ఆరో క్లాసులో దూరి, అరగంట బీజగణితం దంచాడట. ఒక్కడూ అడ్డు చెప్పలేదట. వ్యాయామం టీచరు హెద్విగ్ మంచు మీద జారడం నేర్పబోయి తనే వెల్లకిలా పడిందట. పిల్లలు పదికి రెండు మార్కులేశారట.

"నేను మంగళవారం కారు దిగలేకపోయాను," అంది గున్వోర్. "లోపలికి రావాలంటే కాళ్లు రాలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను."

ఎవరూ నవ్వలేదు.

"అది చెల్లదు," అన్నాడు ఫోల్కె మెల్లగా. "పరువు పోవాలంటే ఎవరైనా చూడాలి."

"చూశారుగా! ఐదో క్లాసు పిల్ల అద్దం మీద కొట్టి, 'మంచులో ఇరుక్కున్నారా, తొయ్యనా?' అంది."

అందరూ ఘొల్లుమన్నారు. ఇల్వాకీ నోరు పెగిలింది.

"ఇవాళ క్లాసంతా నాకు వీపు తిప్పి కూర్చుంది. ఏడుపొచ్చి విసురుగా బయటికి నడిచాను. తీరా చూస్తే అది సామాన్ల గది. మళ్లీ రావడానికి మొహం చెల్లక బెల్లు కొట్టేదాకా అందులోనే నిలబడ్డాను."

"అస్థిపంజరం ఉంటుందే, అక్కడా?" అన్నాడు ఫోల్కె.

"అక్కడే. ఇవాళ నావైపు తిరిగి చూసింది అదొక్కటే."

హెద్విగ్ నవ్వాపుకోలేక పళ్లెం కింద పెట్టేసింది. గున్వోర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది. గులాబీని తీసి ఇల్వా పళ్లెంలో పెట్టింది.

"గెలిచినవాళ్లే వచ్చే శుక్రవారం కేకు తేవాలి. కాబట్టి సోమవారం నువ్వు రాక తప్పదు."

ఇల్వా గులాబీ కొరికింది. చాలా తియ్యగా ఉంది. తాళంచెవి మళ్లీ తన జేబులోకే వెళ్లింది.

సోమవారం పొద్దున గేటు దగ్గర గున్వోర్ పార పట్టుకుని మంచు తోస్తోంది.

"ఇంకా ఉన్నావే!" అంది.

"ఉన్నానండీ."

"నేనూ ఉన్నాను," అంది గున్వోర్, మళ్లీ పార ఎత్తుతూ.

ఆ శుక్రవారం ఇల్వా కేకుల కొట్టుకు వెళ్లి, పోయిన వారం బడికి తెచ్చినదానిలాంటిదే కావాలంది.

"ఈసారి పైన ఏం రాయమంటారు?" అంది కొట్టావిడ.

"పోయినసారి ఏమైనా రాశారా?"

"'గున్వోర్‌కు వీడ్కోలు' అని."