వంతెన ఇవతల

విజిల్ వినపడగానే కర్టెన్ల షాపాయన బ్రేకు తొక్కాడు. నలభై దాటకూడదన్న రోడ్డు మీద తన వ్యాను అరవైలో ఉందని ఆయనకూ తెలుసు. బండి పక్కకి తీసి గడియారం చూసుకున్నాడు. పదీ నలభై.

వంతెన దాటితే బస్టాండు. అయిదు నిమిషాల దూరం. పదిన్నర లోపే చెల్లెలితో కలిసి అక్కడ దిగుతానని భార్య నిన్న ఫోన్లో చెప్పింది. నలభై రోజుల తర్వాత ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాటలవి. అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“పదకొండింటికి తిరుగు బస్సుంది. అప్పటికి మీరు కనబడకపోతే అదెక్కి వెళ్లిపోతా. ఇంక నాకోసం రావద్దు.”

ఆమె తప్పేం లేదు. ఈయనగారు సొంత పెళ్లికే గంట ఆలస్యంగా వెళ్లిన ఘనుడు. పదకొండేళ్ల కాపురంలో ఆమె నెత్తీ నోరూ బాదుకున్నా ఆ నత్తనడక మారలేదు. చివరికి ఆపరేషనయి ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపించిన రోజున కూడా, ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని మూడు గంటలు బెంచీ మీద కూర్చుంది. ఈయన ఎవరింట్లోనో కర్టెన్లు బిగిస్తున్నాడు. ఆమె అట్నుంచి అటే చెల్లెలింటికి వెళ్లిపోయింది.

ఈరోజు మాత్రం పొద్దున్నే లేచాడు. ఊరందరి కిటికీలకూ కర్టెన్లు కుట్టే మనిషి ఇంట్లో, పడగ్గది కిటికీకి పదకొండేళ్లుగా పాత న్యూస్‌పేపరే దిక్కు. భార్య వచ్చేసరికి దానికి ఆమెకిష్టమైన లేతాకుపచ్చ కర్టెను కట్టాలనుకున్నాడు. కట్టాడు కూడా. తీరా బయల్దేరబోతుంటే రాడ్డు ఊడి నెత్తిన పడింది. మళ్లీ బిగించేసరికి పావుగంట పోయింది.

నడివయసు కానిస్టేబుల్ దగ్గరికొచ్చి, వ్యాను మీద రాసున్న షాపు పేరు ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

“ఈ షాపు మీదేనాండీ?”

అవునన్నాడు. కాగితాలు చూపించమన్నాడు కానిస్టేబుల్.

దొరికినవాళ్లని నువ్వు అని తప్ప పిలవని పోలీసులే ఆయనకి తెలుసు. ఈ మర్యాద చూసి బతికిపోయాననుకున్నాడు. కానీ ఆ కానిస్టేబుల్ మర్యాదగానే ప్రాణం తోడేశాడు. లైసెన్సు ముందూ వెనకా తిప్పి చదివాడు. ఇన్సూరెన్సు కాగితం చివరి ముక్క దాకా చదివాడు. నాలుగు టైర్లూ వంగి చూశాడు. స్టెప్నీ దింపమన్నాడు. వెనక తలుపు తీయించి గుడ్డల తానులు లెక్కపెట్టాడు. ఒక్కో కిటికీకి ఎన్ని మీటర్లు పడుతుందని కూడా అడిగాడు.

“తప్పు నాదే సార్. ఎంతయినా రాయండి, కట్టేసి పోతా.”

“రాస్తానండీ. తొందరేముంది.”

తొందరేముందట! వైర్‌లెస్ గొణిగినప్పుడల్లా అవతలికి పోయి విని వస్తున్నాడు. మిగతా బళ్లన్నిటినీ చెయ్యూపి ఎడమ సందులోకి మళ్లిస్తున్నాడు. ఒక్కణ్నీ కాగితాలడగలేదు. అందరికీ దారి, తనకొక్కడికే తనిఖీ. షాపాయనకి చిర్రెత్తుకొచ్చింది. ఇంతలో పెద్ద క్రేనొకటి రొద చేసుకుంటూ వచ్చింది. తన వ్యానుని లాక్కుపోవడానికేనని ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. అది ఆగకుండా వంతెన మీదికి వెళ్లిపోయింది.

భార్యకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మరదలికి చేశాడు. ఎంగేజ్. ఆ పిల్లకి మొదట్నుంచీ ఈ బావంటే గుర్రే. ఫోన్ ఎత్తొద్దని అక్కకి నూరిపోస్తూ ఉంటుందనుకున్నాడు.

పదకొండుకి ఇంకో అయిదు నిమిషాలున్నాయనగా, సిగ్గు విడిచి కానిస్టేబుల్ చేతులు పట్టుకున్నాడు.

“సార్, నా భార్య బస్టాండులో ఎదురుచూస్తోంది. పదకొండు దాటితే ఇంక నాకు దక్కదు. లైసెన్సు ఉంచుకోండి, బండి ఉంచుకోండి. పరిగెత్తుకుంటూ పోతా.”

కానిస్టేబుల్ చేతులు విడిపించుకోలేదు. ముఖం పక్కకి తిప్పుకుని, ఇంకో పది నిమిషాల పనుందన్నాడు.

షాపాయన వంతెన వైపు నడిచాడు. ఆ మనిషి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. పోలీసుని తోస్తే ఏమవుతుందో తెలిసే తోశాడు. అతను కొట్టలేదు, తిట్టలేదు. రెండు భుజాలూ గట్టిగా పట్టుకుని, వద్దండీ అన్నాడు, అంతే.

పదకొండయింది.

ఆయన రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఈపాటికి బస్సు కదిలి ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని ఆమె ఒక్కసారైనా తనకోసం వెతుక్కుందో లేదో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేళకి చేరాలని ఇంత తాపత్రయపడితే, ఒక టోపీవాడి మూలంగా సంసారం పోగొట్టుకున్నాడు. పట్టపగలు, నడిరోడ్డు మీద, నలభై అయిదేళ్ల మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

వైర్‌లెస్ మళ్లీ గొణిగింది. కానిస్టేబుల్ “సరే సార్” అన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వచ్చి ఆయన పక్కనే దుమ్ములో చతికిలబడ్డాడు.

“నా కొంప కూల్చారు కదా సార్,” అన్నాడు షాపాయన. “మీకు నేనేం ద్రోహం చేశాను?”

“మీ మరదలుగారు మా ఎస్సైగారి కాళ్లు పట్టుకున్నారండీ,” అన్నాడు కానిస్టేబుల్, “లారీ కింద నుంచి అక్కని బయటికి తీసేదాకా బావని వంతెన దాటనివ్వొద్దని.”