రాముడింటి గుమ్మంలో ముగ్గు

తాళం వేసి ఉన్న ఇంటి ముందు ఎవరో ముగ్గు పెడుతున్నారు.

కూర్మమ్మ గబగబా వచ్చింది. వారం నుంచీ ఆ ముగ్గు ఎవరిదో తెలియక తల బద్దలు కొట్టుకుంటోంది. ఇవాళ మనిషి దొరికింది.

“ఎవలే నువ్వు?”

వంగి ఉన్న మనిషి తలెత్తింది. జగ్గమ్మ. గజపతినగరం వైపు నుంచి వచ్చి రేవులో ఎండుచేపలు కొనుక్కుపోతుంది. ఎప్పుడూ కొన్న రోజే వెళ్లిపోయేది, ఈ మధ్య వలల పాకలో పడుకుంటోంది.

“రోజూ ఎట్టేది నువ్వేనా? నీకేటి పనే ఈ గుమ్మం కాడ?”

“ఏటీ లేదు వదినా. గుమ్మం బోసిగా ఉన్నాది.”

“మా గుమ్మం బోసిగా ఉంటే నీ కళ్లకేటి నొప్పి?”

జగ్గమ్మ నవ్వి, మిగిలిన గీత పూర్తి చేసింది.

కూర్మమ్మ బొడ్డులో తాళంచెవి తడుముకుంది. మేనల్లుడు రాముడు, అతని భార్య ఉష పిల్లల్ని తీసుకుని చెన్నై కాంక్రీటు పనికి పోతూ ఆమెకి అప్పగించిన ఇల్లు అది. “ఇల్లు జాగ్రత్తత్తా” అని ఉష బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది.

పైగా సర్వే రోజులు. పేదరికం పోగొట్టడానికి సర్కారు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయిస్తోంది. పేరున్న కుటుంబానికి పక్కా ఇల్లు, పడవకి ఇంజను, పిల్లల చదువు. తన కాళ్ల మీద నిలబడేదాకా సాయం. ఇంజను వస్తే రాముడు సిమెంటు తట్ట దించి మళ్లీ సముద్రం మీదికి వస్తాడు. కూర్మమ్మ ఆశంతా ఆ పేరు మీదే ఉంది.

కేకలకి పేట పోగైంది. వార్డు మెంబరు శివాజీ వచ్చాడు.

“ఏటి జగ్గమ్మా ఇది? ఈ ఒక్క ఇల్లే కాదు, తాళమున్న ప్రతి ఇంటి ముందూ ఎడతన్నావట?”

“సర్వే అయ్యేదాకా ఒగ్గెయ్ బాబూ. మరింక ఇటేపు తొంగిసూడను.”

ఆ మాటతో అందరికీ సంగతి అర్థమైపోయింది.

“అదీ దీని ఎత్తు! సర్వేవోళ్లు వస్తే గుమ్మంలో నిలబడి ఇల్లు నాదే అంటాది!”

“నేడు ముగ్గెట్టింది. రేపు పొయ్యెడతాది. ఎల్లుండి రాముడొస్తే ఎవలు బాబూ నువ్వు అంటాది!”

ఒకటే నవ్వులు.

“అది కాదు వదినా, తాళం సూసి ఆళ్లు...”

“నోర్ముయ్! పరాయి కొంప మీద కన్నేసినదానివి, నాకు వరస కలుపుతావా?”

శివాజీ ఆమె చేపల బుట్ట తీసి ఆటోలో పెట్టించాడు. “ఈ రేవులో నీకు ఇంక బేరం లేదు. పో.”

జగ్గమ్మ ఆటో ఎక్కి, వెనక్కి తిరిగి ఒక్కటే అడిగింది.

“ఇయ్యాలకి మాత్రం సెరపకు వదినా.”

ఆ మాటే కూర్మమ్మకి మరీ మండింది. బకెట్టుతో నీళ్లు తెచ్చి ముగ్గు మీద కుమ్మరించింది. చీపురుతో గీత మిగలకుండా కడిగేసింది.

ఆ తడి ఆరకముందే సర్వే జీపు వచ్చి ఆగింది.

ఆఫీసరు నరసింగరావు దిగాడు. వెనకే టాబ్ పట్టుకుని తన్మయి దిగింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల.

“తాళం. ఊళ్లో లేరు. పేరు తీసెయ్యమ్మా” అన్నాడు ఆఫీసరు.

“పనికి వెళ్లారు సార్, తిరిగొచ్చేస్తారు. ఇల్లు చూసుకునేవాళ్లు ఉన్నారు. నేను వచ్చిన ప్రతిసారీ ఇక్కడ ముగ్గు చూశాను సార్.”

“ఏదమ్మా ముగ్గు?”

తన్మయి గుమ్మం వంక చూసి తెల్లబోయింది.

బకెట్టు ఇంకా కూర్మమ్మ చేతిలోనే ఉంది.

“ఇప్పుడే కడిగినాను బాబూ! తడి మీద ఎట్టబోతన్నాను. సూడు!”

జగ్గమ్మ వదిలేసి పోయిన ముగ్గు డబ్బా అందుకుని చతికిలబడింది. గీత వంకర పోయింది. అలాగే లేచి తలుపు తీసి చూపించింది. లోపల మడిచిపెట్టిన వల, మేకుకి పిల్లల బడి సంచులు.

నరసింగరావు తొంగిచూశాడు. “సరే, ఉంచు” అని పక్కింటికి నడిచాడు.

కూర్మమ్మ గోడకి చేరబడి ఊపిరి పీల్చుకుంది.

“జగ్గమ్మగారు ఏరండీ?” అంది తన్మయి.

శివాజీ రోడ్డు వైపు చూశాడు.

“మొదటి రోజు మీరంతా రేవులో ఉన్నారు, తాళం చూసి ఈ పేరు తీసెయ్యబోయాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఆపారు. ‘పొట్ట కోసం పోయినోళ్లమ్మా, ఊరొగ్గేసి పోయినోళ్లు కాదు’ అని తాళమున్న ప్రతి ఇంటికీ తిప్పారు. మా సార్ స్వయంగా చూడాలి, ఇళ్లు పాడుబడ్డట్టుంటే ఒప్పుకోరు అన్నాను. ఆ మర్నాటి నుంచీ అన్ని గుమ్మాల్లోనూ ముగ్గులే.”

శివాజీ గబగబా బండి తీశాడు. రోడ్డు దాకా పోయి ఒంటరిగా తిరిగొచ్చాడు.

“బస్సు ఎలిపోనాది సిన్నమ్మా.”

కూర్మమ్మ తన్మయి చెయ్యి పట్టుకుంది.

“ఈ ఊరిది కాదు, మాకు సుట్టమూ కాదు. ఇన్ని మాటలు పడి, దానికేటమ్మా లాభం?”

తన్మయి టాబ్ మూసింది.

“వాళ్ల ఊళ్లో సర్వే జరిగిన రోజుల్లో ఆవిడా, భర్తా ఇటుకబట్టీ పనికి పోయారట, వాళ్ల గుమ్మం ముందు చీపురు పట్టినవాళ్లు ఒక్కరూ లేరట.”