కోసిన పేగు

ఎల్లాజీ అన్నం కంచాన్ని పెరట్లోకి విసిరికొట్టాడు.

"దీన్లో ఏటి కలిపినావే?"

రేఖ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏటి కలుపుతాను మావా? మెత్తటన్నం, పెసరకట్టు. అంతే."

"మరైతే ముద్ద దిగీసరికి కడుపులో నిప్పులు పోసినట్టు ఎందుకుంటాది? తిన్న పావుగంటకే దొడ్డికెందుకు పరిగెడతన్నాను? నీ పెళ్ళాం సేతి కూడు సూసుకు తినరా అని నా తోడబుట్టిన జగ్గప్ప ముందే సెప్పింది. నిన్న రాజాం ఎల్లి, ఉన్న రెండెకరాలూ అప్ప పేర రాసీసినాను. ఇంక నన్ను సంపినా నీకు సెంటు బూమి రాదు."

పేగు కుళ్ళి ఆపరేషన్ అయిన నాటినుంచీ రెండు నెలలుగా ఒళ్ళు తుడిచి, పక్కబట్టలుతికి, కంటికి కునుకులేకుండా చాకిరీ చేసిన మనిషితో అనే మాటేనా ఇది! రేఖకి ఏడుపు కూడా రాలేదు. పెరట్లో పడ్డ కంచం తెచ్చి, అంటుకున్న మెతుకులు అతని ఎదురుగానే నోట్లో వేసుకుంది.

"సూసినావా? ఇంక పద ఆసుపత్రికి."

ఇద్దరూ శ్రీకాకుళం బస్సెక్కారు.

ఆపరేషన్ చేసిన డాక్టరు అంతా విని తల అడ్డంగా ఊపాడు. "ఎవరూ ఏమీ కలపలేదయ్యా. నీ చిన్నపేగు సగం తీసేశాం కదా. ఆమ్లం ఇక చాలని కడుపుకి కబురు పెట్టేది ఆ పేగే. అది పోయాక కడుపు ఆగకుండా ఆమ్లం కుమ్మరిస్తుంది. పైత్యరసాన్ని తిరిగి పీల్చుకునే చోటు కూడా పోయింది, అందుకే ఈ విరేచనాలు. అమృతం పెట్టినా మండుతుంది. కొన్ని నెలలకి సర్దుకుంటుంది. అందాకా మాత్ర మానకూడదు. వేసుకుంటున్నావా?"

"ఏ మాత్ర బాబూ?" అంది రేఖ.

ఎల్లాజీ సిగ్గుతో చితికిపోయాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"నువ్వన్న మాట నాను సచ్చినా మరిసిపోను మావా" అని, డాక్టరు వైపు తిరిగింది. "ఈ ముక్క ఆ రోజే మాకు సెప్పుంటే నాకీ నింద తప్పీది కద బాబూ."

డాక్టరు చిరాకుపడ్డాడు.

"చెప్పకపోవడమేంటమ్మా? డిశ్చార్జి నాడు మీరు బట్టలు సర్దుతుంటే, ఇదంతా ఇతని అక్కగారిని కూర్చోబెట్టి చెప్పాను. మాత్రల చీటీ కూడా ఆవిడే అడిగి తీసుకెళ్ళింది."