తాడు పట్టిన అల్లుడు

“టైసన్ అయితే ఒక్క గుద్దుకే పండవెడతడు,” అన్నాడు దినేష్, బాన్సువాడ బస్టాండు ముందు హోటల్లో చాయ్ ఊదుకుంటూ. “నువ్వు ఊకె గా అలీ అలీ అనకు. ఇయ్యాల నీకు గావాల్సింది టైసన్.”

రాజీవ్ చాయ్ ముట్టలేదు. సాయంత్రం ఐదింటికి బీర్కూర్ అవతల ఊళ్లో హోలీ పిడిగుద్దులాట. నడుమ ఒక తాడు, దానికి అటు సగం ఊరు, ఇటు సగం ఊరు. ఎడమ చేత్తో తాడు పట్టుకుని కుడి చేత్తో ఎదుటివాణ్ని గుద్దాలి. ఆ ఊరి ముత్తెన్న తన కూతురు సింధుజను రాజీవ్‌కు ఇస్తానన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. అల్లుడయ్యేవాడు ఈ హోలీకి తాడు పట్టాలి.

“అలీకి గుద్దు తాకితే గదరా!” అన్నాడు రాజీవ్. “నడుము కాడికెల్లి ఎనుకకు ఒంగుతుండె. గుద్దు ముక్కు ముందలికెల్లి పోతుండె.”

“అది వయసుల ఉన్నప్పుడు. ఫోర్‌మన్ తోని ఫైట్ల తాడుకు ఆనుకోని మస్తు దెబ్బలు తిన్నడు. గాయిన అలసిపోయినంక పండవెట్టిండు. యాది లేదా?”

“ఆయనకు తాడు ఎనుక ఉండె. నాకు ముందల ఉంటది.”

“గందుకే చెప్తున్న. అది రింగు. గ్లౌజులుంటయి, రెఫరీ ఉంటడు, గంట గొడితే కూసోవెట్టి నీళ్లు తాపుతరు. ఇది నిజం కొట్లాట. ఇందుల ముందుగాల కొట్టినోడే బతుకుతడు.”

“మామోళ్ల ఊరోళ్లను నేనే ముందుగాల కొడితే పిల్లనిస్తరా?”

టైసన్‌కు ఈ చిక్కు ఎప్పుడూ వచ్చి ఉండదు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఫోన్లో వందల బాక్సింగ్ ఫైట్లు చూశారు. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు ఒక్కణ్నీ కొట్టి ఎరగరు.

“పోదాం పా,” అన్నాడు దినేష్ బండి తాళం తీస్తూ. “ఏమన్న అయితే దవాఖానకు నేనే తీస్కపోత. ఫికర్ చేయకు.”

ఆ మాటతో రాజీవ్‌కు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది.

ఐదింటికి డప్పు మోగింది. తాడుకు అవతల రాజీవ్ ఎదురుగా చెరకు మోపులెత్తే మనిషి నిలబడ్డాడు. వాడి పిడికిలి రాజీవ్ మొహమంత ఉంది. ముత్తెన్న ఎక్కడో తాడు ఆ చివర, రాజీవ్ కనబడనంత దూరంలో జనంలో ఉన్నాడు. ఈల పడింది. దుమ్ము లేచింది. మొదటి గుద్దు వస్తుంటే రాజీవ్ తాడు వదలకుండా నడుము నుంచి వెనక్కు వంగాడు. పిడికిలి ముక్కు ముందు నుంచి పోయింది! రెండోదీ పోయింది. మూడోది చెవి పక్క నుంచి పోయింది. వెనక నుంచి దినేష్ గొంతు చించుకుంటున్నాడు, “అలీ! అలీ!” అని. టైసన్‌ను ఎప్పుడో మర్చిపోయాడు.

మళ్లీ ఈల పడింది. మొహాలు వాచినవాళ్లంతా నవ్వుకుంటూ ఒకరినొకరు వాటేసుకున్నారు. రాజీవ్‌కు ఒక్క గీత కూడా పడలేదు. గాలిలో తేలుతున్నట్టే ముత్తెన్న ఇంటికి వచ్చాడు.

సింధుజ నాయనమ్మ పోసవ్వ పళ్లెంలో రాత్రి కాల్చిన కాముని బూడిద పట్టుకుని గడపలో ఎదురైంది. దెబ్బ తగిలిన చోట ఆ బూడిద రాయడం వాళ్ల ఆచారం. అతని గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏడ రాయాలె బిడ్డా?”

“ఏడా తాకలే అవ్వా!” అన్నాడు గర్వంగా.

ముసలమ్మ చెయ్యి ఆగిపోయింది. “గదేంది? తాడు పట్టినోని మొకం గింత నున్నగ ఉంటదా? పోయినేడు ఒగడు గిట్లనే వస్తే, తాడు ఇడిశి ఉరికిండని మీ మామ ఆన్ని పీట మీద గూడ కూసోనియ్యలే. ఇగ నీ మొకం జూస్తే ఏమంటడో!”

“నేను ఉరకలే అవ్వా! ఒంగిన, గంతే. అలీ లెక్క...”

“అలీ ఎవలు బిడ్డా? మీ దోస్తా?”

డప్పు చప్పుడు ఈ వాడలోకే వస్తోంది. ముత్తెన్న పదిమంది పెద్దలతో వస్తున్నాడు, మాట ఖాయం చేయడానికి. ఇంట్లో పీటలు వాల్చి ఉన్నాయి. రాజీవ్ వాకిలి వైపు చూశాడు. ఇంకాసేపట్లో సింధుజ తనది కాకుండా పోతుంది, అదీ దెబ్బ తగలనందుకు!

“అవ్వా, పొయ్యి మీద కూర మాడుతుందేమో జూడు,” అంటూ వచ్చింది సింధుజ. పోసవ్వ పళ్లెంతో సహా వంటింట్లోకి పోయింది.

“నేను నిజంగనే తాడు పట్టిన సింధూ. నువ్వన్న నమ్ము,” అన్నాడు.

“నాకెరుకే బావా. మిద్దె మీదికెల్లి అంత చూసిన.” వాకిట్లోకి తొంగి చూసి తలుపు దగ్గరగా వేసింది. డప్పు పక్కింటి దాకా వచ్చింది. సింధుజ అతనికి బాగా దగ్గరగా వచ్చి నిలబడింది. “కండ్లు మూసుకో.”

“ఎందుకు?”

“మూసుకోమంటున్న గద.”

పొద్దుటి నుంచి పట్టిన భయమంతా ఒక్కసారి ఎటో పోయింది. రాజీవ్ కళ్లు మూసుకుని, సిగ్గుపడుతూ మొహం కొంచెం ముందుకు కూడా వంచాడు.

ధన్‌మని ముక్కు మీద గుద్దు పడింది. “అవ్వా, బూడిద పట్టుకరా!” అని కేకేసింది సింధుజ, పిడికిలి ఊదుకుంటూ.