రేపు నీళ్లొస్తాయి

"రేపు జబల్ సఫ్వాన్ పేటకు నీళ్లొస్తాయి" అని టీవీలో చెప్పి బయటపడ్డాను. పంపు కాలిపోయిందని నాకు తెలుసు. "జనం కంగారు పడకూడదమ్మా" అన్నారు మంత్రిగారు. నీటి శాఖ ప్రచార అధిపతిగా ఏళ్ల తరబడి నేను చేస్తున్నది ఇదే.

మర్నాడు సాయంత్రం ఆ పేట నుంచే అమ్మ ఫోన్ చేసింది. "చుక్క రాలేదే దారీన్! మేడ మీద ట్యాంకు ఖాళీ."

"నిన్న సగం ఉందన్నావుగా?"

"తివాచీలన్నీ ఉతికేశాను. కొత్త నీళ్లొస్తాయన్నావుగా మరి!"

నాకు వాదించే ఓపిక లేదు. "పక్కింటి ఉమ్ సాబిర్‌ను రెండు బకెట్లు అడుగమ్మా."

"ఇచ్చింది, పాపం. వాళ్లకేం, ట్యాంకర్ తెప్పించుకున్నారు. వీధి వీధంతా తెప్పించుకుంది."

"ఎప్పుడు?"

"నిన్నే. నువ్వు టీవీలో అలా చెప్పావో లేదో, ఇలా ట్యాంకరుకు ఫోన్లు చేశారు."