పనసకోట గుమ్మం

డాక్టర్లు మందులతో పాటు సాహసాలు కూడా రాసిస్తున్న రోజులవి. సిటీ బస్సు కండక్టరుగా రిటైరైన కనకారావుగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక పనసకోట అనే ఆట రాశారు. హాలు గోడల మీద బొమ్మలుగా కదిలే ఆ ఆటను నడిపించే పని కోడలు సునందది.

కొండంత పనసకాయ లోపల ఉంటుందా కోట. పాదాలకు నూనె రాసుకోకుండా అడుగుపెట్టినవాళ్లు జిగురుకి అతుక్కుపోతారు. తొనకో గది, గదికో గండం. ఆఖరిది తప్ప అన్ని గదులూ దాటినా మామగారు కుర్చీలోంచి లేవలేదు. ఈ వారం కూడా నడవకపోతే కాలు బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. సునందకు అదే బెంగ.

"లేచి కత్తి అందుకోండి మామయ్యగారూ."

"ఇక్కణ్ణుంచే విసురుతాలేమ్మా."

ఆఖరి గది తలుపు తెరిచిందామె. లోపలినుంచి గేదెలంత గండుచీమలు బయటికొస్తున్నాయి. ఆటలో ఆయనకు జట్టుగా చేరిన పక్కింటివాళ్లు కత్తులతో లోపలికి దూరబోయారు. గుమ్మంలో ఒకటే తొక్కిసలాట.

"ఏంటయ్యా ఆ తోసుకోడం? ముందు దిగేవాళ్లని దిగనివ్వండి."

కనకారావుగారు లేచారు. చేతికర్ర మరిచిపోయి గోడ దాకా నడిచారు. చెయ్యి అడ్డంపెట్టి పక్కింటివాళ్లను ఆపి, చీమల్ని వరసగా బయటికి పంపించారు. ఒక్కటీ ఎవరినీ కుట్టలేదు.

సునంద సిద్ధం చేసింది పెద్ద యుద్ధం. అది పోతే పోయింది, ఆమె గుండె తేలికపడింది.

"ఆ, ఇప్పుడెక్కండి. రైట్, రైట్" అంటూ ఆయన గోడ మీద తట్టారు.

ఆయన వెనక్కి తిరిగేలోపు సునంద చప్పుడు చెయ్యకుండా కుర్చీని హాలు ఆ చివరికి జరిపేసింది.